రోరీ గాలహర్‌కు నివాళి షో: గిటార్ ఎంపిక నుంచి ఎన్‌కోర్ దాకా

ఐరిష్ బ్లూస్ రాక్ గిటారిస్టు, గాయకుడు రోరీ గాలహర్ పాటలు వాయించడం మరీ కష్టమైన పనేం కాదు. చాలావరకు బ్లూస్ పునాది మీద కట్టినవే. పెంటటోనిక్ (ఐదు స్వరాల) స్కేలు చేతిలో ఉండి, కాస్త పట్టుదల ఉంటే రిఫ్‌లు (పాటలో తిరిగి తిరిగి వచ్చే గిటార్ ముక్కలు) కొన్ని వారాల్లో వచ్చేస్తాయి. ఆయన పేరు పోస్టర్ మీద వేసుకుని గంటన్నర సేపు జనాన్ని నిలబెట్టడం మాత్రం వేరే సంగతి. ఐర్లాండ్‌లోని బాలీషానన్‌లో 1948 మార్చి 2న పుట్టి, కార్క్ నగరంలో పెరిగిన ఈ మనిషికి పేరు వచ్చింది స్టేజీ మీదే. హిట్ సింగిల్స్ కోసం ఆయన వెంపర్లాడలేదు. ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి వాయించాడు. ఆయన ఆల్బమ్‌లలో ఎక్కువమంది ముందుగా చెప్పేవి కూడా లైవ్ రికార్డింగులే.

ఆయన పాటలే వాయించే నివాళి బ్యాండ్‌కు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఒకే పాటను ఆయన ఒక్కో రాత్రి ఒక్కోలా వాయించేవాడు. సెట్‌లిస్ట్‌కు కట్టుబడేవాడు కాదు. అలాంటప్పుడు ఏ రాత్రి రికార్డింగును అచ్చుగుద్దినట్టు దించాలి? నా అభిప్రాయంలో దేన్నీ దించకూడదు. ఆయన సోలోలను నోటు నోటుకూ అప్పజెప్పే బ్యాండ్లు ఎంత శుభ్రంగా వాయించినా, వినేవాళ్లకు రోరీ కనబడడు. ఆయన స్టేజీ మీద నిర్ణయాలు ఎలా తీసుకునేవాడో పట్టుకుని, అదే పద్ధతిలో మీ సొంత రాత్రిని వాయించాలి. కింద చెప్పేదంతా ఆ పద్ధతి గురించే. హైదరాబాద్‌లోనో వైజాగ్‌లోనో జామ్ రూమ్ అద్దెకు తీసుకుని వాయించుకునే కుర్రాళ్లకైనా, డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తూ వారాంతాల్లో పబ్‌లో వాయించాలనుకునే తెలుగువాళ్లకైనా ఇది పనికొస్తుంది.

మొదటి అడుగు: ఏ కాలపు రోరీ?

బ్యాండ్‌లో ఎవరెవరు ఉండాలో, యాంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్) ఏది కావాలో, పాటలు ఏవో అన్నీ దీని మీదే ఆధారపడతాయి కాబట్టి ముందు ఇది తేల్చుకోండి.

మొదటిది 1966 నుంచి 1970 దాకా నడిచిన 'టేస్ట్'. గిటార్, బాస్, డ్రమ్స్, అంతే. క్రీమ్ బ్యాండ్ 1968 నవంబరులో రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో వీడ్కోలు కచేరీ చేసినప్పుడు ముందు వాయించిన బ్యాండ్లలో టేస్ట్ ఒకటి. 1970 ఆగస్టులో ఐల్ ఆఫ్ వైట్ ఫెస్టివల్‌లో వీళ్లను మళ్లీ మళ్లీ వాయించమని జనం వదల్లేదు. అదే ఏడాది చివరికి బ్యాండ్ విడిపోయింది. టేస్ట్ పాటల్లో జాజ్ వాసన ఎక్కువ. రోరీ ఆల్టో శాక్సొఫోన్ కూడా ఊదేవాడు. శాక్స్ వాయించే స్నేహితుడు ఉంటే తప్ప ఈ కాలం జోలికి పోకపోవడం మంచిది.

రెండోది 1971, 72ల సోలో ట్రయో (ముగ్గురి బ్యాండ్): బాస్‌పై జెర్రీ మెకవోయ్, డ్రమ్స్‌పై విల్గర్ క్యాంబెల్. 'లైవ్ ఇన్ యూరప్' (1972) వీళ్లదే. మూడోది 1972 నుంచి కొన్నేళ్లు నడిచిన నలుగురి బ్యాండ్. డ్రమ్స్‌కు రాడ్ డియాత్ వచ్చాడు, కీబోర్డుపై లూ మార్టిన్ చేరాడు. 'ఐరిష్ టూర్ 74' ఇక్కడిదే. నాలుగోది 1978లో మొదలైన టెడ్ మెకెన్నా కాలం. కీబోర్డు పోయి మళ్లీ ముగ్గురయ్యారు. శబ్దం హార్డ్ రాక్ వైపు జరిగింది. 'స్టేజ్ స్ట్రక్' (1980) వినండి, తేడా మొదటి నిమిషంలోనే తెలుస్తుంది. ఆ తర్వాత 80లలో డ్రమ్స్‌పై బ్రెండన్ ఓనీల్ ఉన్నాడు. చివరి ఏళ్లలో మార్క్ ఫెల్తమ్ హార్మోనికా తోడైంది.

నా మట్టుకు నాకు 1974 బ్యాండే ఇష్టం. కానీ దానికి లూ మార్టిన్ లాంటి పియానో చెయ్యి కావాలి. ఊరికే కార్డ్స్ (కలిపి నొక్కే స్వరాలు) పట్టుకునే కీబోర్డిస్టు సరిపోడు. అలాంటివాళ్లు దొరక్కపోతే మొహమాటం లేకుండా ట్రయోకి వెళ్లండి. అన్ని కాలాల పాటలూ కలిపి వాయించాలని ఉంటే అదీ తప్పు కాదు, కాకపోతే శబ్దం ఒక కాలానిదే ఉంచండి. యాంప్, డ్రమ్స్ ట్యూనింగ్, బాస్ ధోరణి పాట పాటకూ మారుతుంటే రోరీ షో విన్నట్టుండదు, ఆర్కెస్ట్రా పార్టీ విన్నట్టుంటుంది.

రెండో అడుగు: వినడం

గిటార్ పట్టుకోకుండా వినాల్సిన దశ ఇది. చాలామంది దీన్ని దాటేసి నేరుగా యూట్యూబ్ పాఠాలకు వెళ్తారు.

'ఐరిష్ టూర్ 74' నుంచి మొదలుపెట్టండి. 1974 జనవరిలో బెల్‌ఫాస్ట్, డబ్లిన్, కార్క్ నగరాల్లో రికార్డు చేశారు. ఉత్తర ఐర్లాండ్ బాంబులతో, కాల్పులతో అట్టుడుకుతున్న రోజులవి. బయటి బ్యాండ్లు చాలావరకు బెల్‌ఫాస్ట్ పేరెత్తడానికే భయపడుతుంటే ఈయన అక్కడి అల్స్టర్ హాల్‌కు తిరిగి తిరిగి వెళ్లేవాడు. ఆ జనం అరుపులు రికార్డులో ఎందుకంత గట్టిగా ఉన్నాయో ఇది తెలిస్తే అర్థమవుతుంది. అదే టూర్ మీద టోనీ పామర్ సినిమా కూడా తీశాడు. చేతులు ఎక్కడున్నాయో, బ్యాండ్ ఎవరి వైపు చూస్తోందో గమనించడానికి అది తప్పక చూడాలి. జర్మన్ టీవీ 'రాక్‌పలాస్ట్' కార్యక్రమాల వీడియోలు కూడా ఇంతే విలువైనవి.

ఒక్కో పాటకు కనీసం రెండు లైవ్ రూపాలు, ఒక స్టూడియో రూపం పక్కపక్కన పెట్టుకోండి. ఉదాహరణకు 'వాక్ ఆన్ హాట్ కోల్స్' తీసుకుందాం. 1973 'బ్లూప్రింట్' ఆల్బమ్‌లో ఇది ఏడు నిమిషాలు. 'ఐరిష్ టూర్'లో పదకొండు దాటుతుంది. ఆ పెరిగిన నిమిషాల్లో ఏముందో కాగితం మీద రాయండి. ఒక పక్క ఎప్పుడూ మారనివి: రిఫ్, చరణాల వరుస, అందరూ కలిసి ఆగే చోట్లు, మళ్లీ పాటలోకి వచ్చే సైగ. రెండో పక్క ప్రతిసారీ మారేవి: సోలో ఎంత సేపు, శబ్దం ఎక్కడ తగ్గింది, ఎక్కడ బాస్ ఒక్కటే మిగిలింది, ఎక్కడ గొంతూ గిటారూ ఒకదానికొకటి జవాబు చెప్పుకున్నాయి.

కర్ణాటక సంగీతం వినే అలవాటున్నవాళ్లకు ఇది వెంటనే అందుతుంది. విద్వాంసుడు కల్పనస్వరాలు ఎంత దూరం తీసుకెళ్లినా పల్లవి ఎత్తుగడకు సరిగ్గా వచ్చి వాలతాడు కదా, పక్కవాద్యాలకు ఆ వాలే చోటు ముందే తెలుసు కదా. రోరీ బ్యాండ్‌లో రిఫ్ చేసే పని అదే. మొదటి జాబితాలో ఉన్నవాటిని బ్యాండ్ మొత్తం నిద్రలో లేపి అడిగినా వాయించాలి. రెండో జాబితాలో ఉన్నవాటిని కంఠతా పట్టొద్దు.

'ఎ మిలియన్ మైల్స్ అవే'కి కూడా ఇదే కసరత్తు చేయండి. లైవ్‌లో అది తొమ్మిది నిమిషాలకు పైగా నడుస్తుంది, సగం అందం శబ్దం తగ్గే చోట్లే ఉంది. మన దగ్గర రాక్ బ్యాండ్లకు బాగా తక్కువగా వచ్చే విద్య అదే.

మూడో అడుగు: మనుషులు

గిటారిస్టే పాడాలి. ఇందులో రాజీ లేదు. వేరే గాయకుణ్ణి పెట్టుకుంటే పాట, గిటార్ మధ్య జరిగే సంభాషణ చచ్చిపోతుంది. రోరీ ఒక వాక్యం పాడి, దాని తోకను గిటార్‌తో పూర్తిచేస్తాడు. కొన్నిసార్లు గొంతుతో పలికిందే తీగ మీద అదే క్షణంలో పలికిస్తాడు. ఇద్దరు మనుషుల మధ్య ఇది కుదరదు.

పాడుతూ వాయించడం రాకపోతే వరుస ఇది: ముందు రిఫ్‌ను మెట్రోనోమ్‌తో, ఎవరితోనైనా మాట్లాడుతూ కూడా తప్పుల్లేకుండా వాయించగలిగేదాకా చేయండి. తర్వాత సాహిత్యాన్ని రిఫ్ మీద పాడకుండా మామూలుగా చదవండి. చివరికి రాగం కలపండి. 'టాటూడ్ లేడీ' దీనికి మంచి మొదటి పాట. 'లాండ్రోమాట్' ఇంకా తేలిక.

బాస్ వాయించేవాడు రెండో ముఖ్యమైన మనిషి. జెర్రీ మెకవోయ్ 1971 నుంచి 1991 దాకా, ఇరవై ఏళ్లు, రోరీ పక్కనే ఉన్నాడు. గిటార్ సోలోలోకి వెళ్లినప్పుడు ట్రయోలో రిథమ్ గిటార్ ఉండదు కాబట్టి ఆ ఖాళీని నింపేది బాసే. పిక్‌తో, కాస్త గరుకు శబ్దంతో, ముందుకు తోసినట్టు వాయించేవాణ్ణి వెతకండి. రోరీ పోయాక మెకవోయ్, టెడ్ మెకెన్నా కలిసి 'బ్యాండ్ ఆఫ్ ఫ్రెండ్స్' పేరుతో ఆ పాటలు వాయించారు. తాము రోరీ వేషం కట్టబోవడం లేదని ఆ పేరే చెప్తోంది. స్వయంగా ఆయన పక్కన వాయించినవాళ్లే అలా అనుకున్నారంటే మనం ఆలోచించాలి.

రిహార్సల్‌లో కచ్చితంగా చేయాల్సిన పని ఒకటుంది. సైగలు పెట్టుకోండి. గిటార్ మెడ పైకెత్తితే రిఫ్‌కి రావాలి. డ్రమ్మర్ వైపు తిరిగి అడుగు వేస్తే శబ్దం సగానికి తగ్గాలి. తల అడ్డంగా ఊపితే ఇంకో రౌండ్. ఒక పాట తీసుకుని, సోలో ఎంతసేపో ఎవరికీ చెప్పకుండా పదిసార్లు వాయించండి. ఒకసారి రెండు రౌండ్లలో ముగించండి, ఇంకోసారి ఎనిమిది దాకా లాగండి. బ్యాండ్ ఒక్కసారి కూడా తడబడకపోతే స్టేజీ ఎక్కొచ్చు. ఫోన్లో నోట్స్ చూసుకుంటూ వాయించే బాసిస్టుతో ఇది జరగదని వేరే చెప్పక్కర్లేదు.

నాలుగో అడుగు: గిటార్, బూస్టర్, యాంప్

డబ్బు ఎక్కువ వృథా అయ్యేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

రోరీ వాయించింది 1961 ఫెండర్ స్ట్రాటోకాస్టర్. కార్క్‌లోని క్రౌలీ దుకాణంలో 1963లో సెకండ్ హ్యాండ్‌లో దాదాపు 100 పౌండ్లకు, వాయిదాల పద్ధతిలో కొన్నాడు. అప్పటికి ఆయనకు పదిహేనేళ్లు. ఐర్లాండ్ అంతటా హిట్ పాటలు వాయిస్తూ తిరిగే షోబ్యాండ్లలో ఒకదానిలో చేరి, ఆ సంపాదనతో కంతులు కట్టాడు. డబ్లిన్‌లో ఒకసారి ఆ గిటార్‌ను దొంగలెత్తుకెళ్లి, తర్వాత ఒక గుంటలో పారేస్తే మళ్లీ దొరికింది. ఏళ్ల తరబడి కారిన చెమటకు సన్‌బర్స్ట్ పెయింట్ దాదాపుగా ఊడిపోయి చెక్క బయటపడింది. 2024 అక్టోబరులో లండన్ బాన్‌హామ్స్ వేలంలో అది ఖర్చులతో కలిపి 8,89,400 పౌండ్లు పలికింది. కొన్నవాళ్లు దాన్ని ఐర్లాండ్ జాతీయ మ్యూజియానికి ఇచ్చారు.

ఆ పెయింట్ ఊడిన రూపాన్ని ఫెండర్ కస్టమ్ షాప్ అచ్చంగా దింపి అమ్ముతుంది. నా సలహా: కొనకండి. ఆ గీతలు వేరే మనిషి చెమటవి. ఏ మామూలు స్ట్రాట్ అయినా, సింగిల్ కాయిల్ పికప్‌లు (తీగల కదలికను పట్టే అయస్కాంతాలు) ఉంటే చాలు. ఆ డబ్బుతో మంచి ఫ్రెట్ పని చేయించుకోండి. రోరీ తన గిటార్‌లో ట్రెమొలోను (మీటతో తీగల శ్రుతిని ఊపే భాగం) కదలకుండా బిగించేశాడు. మీరు కూడా వెనకున్న గుంటలో ఒక చెక్క ముక్క సరిగ్గా కోసి ఇరికించండి. తీగ తెగినా మిగతా తీగల శ్రుతి చెదరదు, ఒక తీగ లాగితే ఇంకోటి కిందికి దిగదు. ఖర్చు లేకుండా వచ్చే పెద్ద లాభం ఇది.

అసలు రహస్యం ట్రెబుల్ బూస్టర్. 60లలో వచ్చిన డల్లాస్ రేంజ్‌మాస్టర్ అనే చిన్న పెట్టెను రోరీ వాక్స్ ఏసీ30 యాంప్ ముందు పెట్టాడు. ఆ యాంప్, ట్రెబుల్ బూస్టర్ జోడీని తాను రోరీ దగ్గరే నేర్చుకున్నానని క్వీన్ గిటారిస్టు బ్రయన్ మే ఎన్నోసార్లు చెప్పాడు. ఆ పెట్టెలో ఒకే ఒక జర్మేనియం ట్రాన్సిస్టర్ ఉంటుంది. పై శబ్దాలను ఎక్కువగా, కింది శబ్దాలను తక్కువగా పెంచి యాంప్ లోపలికి తోస్తుంది. యాంప్ వాల్వులు విరుచుకుపడతాయి, కానీ బాస్ గందరగోళం కాకుండా నోటు స్పష్టంగా ఉంటుంది. డిస్టార్షన్ పెడల్‌తో ఇది రాదు. అది గిటార్ గుణాన్ని కప్పేస్తుంది.

దీన్ని వాడేటప్పుడు మూడు విషయాలు గుర్తుంచుకోవాలి. గిటార్ కేబుల్ నేరుగా బూస్టర్‌లోకే వెళ్లాలి. మధ్యలో వైర్‌లెస్ పెట్టెగానీ, బఫర్ ఉన్న ట్యూనర్‌గానీ ఉంటే పికప్‌కూ బూస్టర్‌కూ మధ్య సంబంధం తెగి శబ్దం గాజు ముక్కలా గీరుకుంటుంది. ట్యూనర్‌ను తర్వాత పెట్టుకోండి. రెండోది, పాత పద్ధతి జర్మేనియం సర్క్యూట్‌లో పాజిటివ్ గ్రౌండ్ ఉంటుంది. మిగతా పెడల్స్‌తో కలిపి ఒకే అడాప్టర్ నుంచి గొలుసులాగా కరెంటు ఇస్తే షార్ట్ అవుతుంది. 9 వోల్టుల బ్యాటరీ వాడండి, లేదా విడిగా ఐసొలేట్ చేసిన అవుట్‌పుట్ ఇవ్వండి. మూడోది మన వాతావరణానికి బాగా సంబంధించింది. జర్మేనియం ట్రాన్సిస్టర్‌కు వేడి పడదు. వేడెక్కేకొద్దీ లీకేజీ కరెంటు పెరిగి, సర్క్యూట్ సెట్ చేసిన చోటి నుంచి జారిపోతుంది. శబ్దం బలహీనమై, చిరిగినట్టు వినిపిస్తుంది. యూరప్ చలికాలంలో గొప్పగా పలికిన పెట్టె మే నెలలో విజయవాడ ఓపెన్ ఎయిర్ స్టేజీ మీద లైట్ల కింద మొరాయించవచ్చు. మన ఎండల్లో షో ఉంటే సిలికాన్ ట్రాన్సిస్టర్ ఉన్న ట్రెబుల్ బూస్టర్ ఒకటి బ్యాగులో పెట్టుకోండి. శుద్ధవాదులు మూతి ముడుచుకున్నా ఫర్వాలేదు.

ఇక యాంప్. ఏసీ30 అంటే ముప్ఫై వాట్లు, నాలుగు ఈఎల్84 వాల్వులు, రెండు పన్నెండు అంగుళాల స్పీకర్లు. కాగితం మీద చిన్నగా ఉన్నా చిన్న హాలులో చెవులు పగిలిపోతాయి. ఆ శబ్దం రావాలంటే దాన్ని గట్టిగా తిప్పాలి. పబ్ యజమాని ఒప్పుకోడు. పదిహేను వాట్ల ఏసీ15 అయితే సమస్య కొంత తీరుతుంది. అదీ దొరక్కపోతే మంచి మోడలర్‌లో (యాంప్‌లను అనుకరించే డిజిటల్ పెట్టె) ఏసీ30 ప్యాచ్ పెట్టి, దాని ముందు నిజమైన ట్రెబుల్ బూస్టర్ పెట్టండి, ఇన్‌పుట్ ఇంపీడెన్స్ ఎక్కువగా ఉంచండి. ఏ యాంప్ అయినా కాస్త మందంగా పలికే ఛానెల్‌తో మొదలుపెట్టండి. ముందే మెరిసే ఛానెల్‌కు బూస్టర్ కలిపితే తల్లో సూదులు గుచ్చినట్టుంటుంది. 70ల చివరి రోరీ కావాలంటే మార్షల్ లేదా ఫెండర్ వైపు వెళ్లాలి, ఆ కాలానికి ట్రెబుల్ బూస్టర్ అంత ప్రాణం కాదు.

ఐదో అడుగు: చేతులు

గిటార్ వాల్యూమ్ నాబ్‌ను కుడిచేతి చిటికెన వేలితో తిప్పడం అలవాటు చేసుకోండి. బూస్టర్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. నాబ్ నాలుగు దగ్గర ఉంటే శుభ్రమైన రిథమ్, ఏడు దగ్గర గరుకు, పది దగ్గర సోలో. కాలితో ఏ స్విచ్చూ నొక్కక్కర్లేదు. ఒక నోటు వాల్యూమ్ సున్నాలో కొట్టి, నాబ్ తిప్పుతూ పైకి తీసుకురావడం కూడా ఆయన తరచూ చేసేవాడు. వయొలిన్ కమాను లాగినట్టు పలుకుతుంది.

పిక్, వేళ్లు కలిపి వాడండి. కింది తీగను పిక్‌తో కొడుతూనే పై తీగను మధ్యవేలితో గిల్లడం ఆయన చేతిలో ఎప్పుడూ కనిపిస్తుంది. పిక్‌తో పాటు బొటనవేలి అంచు తీగను తాకించి హార్మోనిక్‌లు (కీచుమనే పై స్వరాలు) చిలికించడం కూడా అంతే. కాకపోతే ప్రతి ఆవర్తంలోనూ చేస్తే వెగటు పుడుతుంది.

స్లైడ్ (వేలికి తొడిగి తీగల మీద జరిపే గొట్టం) లేకుండా రోరీ షో లేదు. 'క్రేడిల్ రాక్' లాంటి పాటలకు ఓపెన్ ట్యూనింగ్‌లో (ఏ ఫ్రెట్ నొక్కకుండా మీటినా కార్డ్ పలికే శ్రుతి) ఉన్న రెండో గిటార్ సిద్ధంగా పెట్టుకోండి. దాని తీగలు ఫ్రెట్‌కు ఇంకాస్త ఎత్తులో ఉండాలి. స్లైడ్ సరిగ్గా ఫ్రెట్ గీత పైన ఆగాలి. స్లైడ్ వెనక ఉన్న వేళ్లు తీగలను తాకుతూ ఉంటేనే అనవసర శబ్దాలు ఆగుతాయి. మన గమకాలు విన్న చెవికి స్వరస్థానం పట్టుకోవడం త్వరగా వస్తుందని నా నమ్మకం. చెయ్యి మాత్రం మామూలు టైమే తీసుకుంటుంది.

ఆరో అడుగు: సెట్ కట్టడం

గంటన్నర షోకి పన్నెండు, పదమూడు పాటలు చాలు. ఎక్కువ పెట్టుకుంటే సాగదీయడానికి చోటుండదు. అది లేకపోతే ఈ షో చేయడమే దండగ.

మొదటి పాట జనాన్ని ఆలోచించనివ్వకూడదు. 'మెసిన్ విత్ ద కిడ్'తో 'లైవ్ ఇన్ యూరప్' మొదలవుతుంది. 'షిన్ కికర్'తో 'స్టేజ్ స్ట్రక్' మొదలవుతుంది. రెండూ పనిచేస్తాయి. దాని వెంటే మాటలు లేకుండా రెండో పాట. మూడో పాట తర్వాత నమస్కారం చెప్పండి. ఆపై ఒక నిదానమైన బ్లూస్, 'ఐ వండర్ హూ' లాంటిది. సోలోలో ఎంత ధైర్యం ఉందో ఇక్కడే తేలిపోతుంది.

మధ్యలో అకూస్టిక్ భాగం తప్పనిసరి. బ్యాండ్ దిగిపోయి ఒక్క మనిషే మిగలాలి. 'ఐరిష్ టూర్'లో 'యాజ్ ద క్రో ఫ్లైస్' రోరీ ఒక్కడే నేషనల్ రెజొనేటర్ గిటార్ (లోహపు కోనుతో శబ్దాన్ని పెంచే గిటార్) మీద వాయించాడు. రెజొనేటర్ లేకపోతే మామూలు అకూస్టిక్‌తో 'అవుట్ ఆన్ ద వెస్టర్న్ ప్లెయిన్' చేయండి. ట్యూనింగ్ డి-ఏ-డి-జి-ఏ-డి: ఆరో తీగను ఇ నుంచి డికి, రెండో తీగను బి నుంచి ఏకి, మొదటి తీగను ఇ నుంచి డికి దించాలి. అమెరికన్ కౌబాయ్ పాటను ఆ ట్యూనింగ్ ఐరిష్ జానపదంలా మార్చేస్తుంది. ఇదంతా స్టేజీ మీద చేస్తూ జనాన్ని కూర్చోబెట్టొద్దు, వేరే గిటార్‌ను ముందే ట్యూన్ చేసి పెట్టుకోండి. మాండొలిన్ దొరికితే 'గోయింగ్ టు మై హోమ్‌టౌన్' వదలొద్దు. కాలితో తాళం వేస్తూ, చప్పట్లు కొట్టిస్తూ ఒక్క మాండొలిన్‌తో హాలు మొత్తాన్ని పాడించే పాట అది. మాండొలిన్‌కు రాక్ స్టేజీ మీద చోటేమిటని అడిగేవాళ్లకు పశ్చిమ గోదావరి పాలకొల్లు నుంచి వచ్చిన మాండొలిన్ శ్రీనివాస్‌ను గుర్తు చేయండి. ఆయన కర్ణాటక సంగీతాన్ని ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద పలికించాడు.

అకూస్టిక్ తర్వాత బ్యాండ్ తిరిగి వచ్చి 'టాటూడ్ లేడీ', 'ఎ మిలియన్ మైల్స్ అవే', 'వాక్ ఆన్ హాట్ కోల్స్' వరుసగా వాయిస్తే సెట్ నడుము గట్టిపడుతుంది. చివరికి 'షాడో ప్లే', ఎన్‌కోర్‌కు (షో అయ్యాక జనం అడిగితే వాయించేదానికి) 'బుల్‌ఫ్రాగ్ బ్లూస్'. బాస్, డ్రమ్స్ వాళ్లకు సోలో ఇవ్వడానికి ఆ పాటే సరైన చోటు.

ఇంకో రెండు పాటలు అదనంగా సిద్ధం చేసి, వాయిస్తారో లేదో చెప్పకుండా ఉంచండి. రాత్రి ఏ దారిన పోతోందో చూసి గిటారిస్టు అప్పటికప్పుడు అరిచి చెప్పాలి.

ఏడో అడుగు: పేరు, పోస్టర్, హక్కులు

పోస్టర్ మీద 'ట్రిబ్యూట్' అనే మాట కనబడేంత పెద్దగా ఉండాలి. ఆల్బమ్ కవర్‌ను, అధికారిక లోగోను అనుమతి లేకుండా వాడకండి. సొంత బొమ్మ గీయించుకోండి.

పాటలను బహిరంగంగా వాయించడానికి లైసెన్సు కావాలి. మన దేశంలో ఐపీఆర్ఎస్, ఐర్లాండ్‌లో ఇమ్రో, బ్రిటన్‌లో పీఆర్ఎస్ ఫర్ మ్యూజిక్ ఈ పని చూస్తాయి. మామూలుగా హాలు లేదా పబ్ వాళ్లే తీసుకుని ఉంటారు, అయినా ఒప్పందం కుదుర్చుకునేటప్పుడే అడిగి రాయించుకోండి. వాయించిన పాటల జాబితా ఇచ్చేటప్పుడు రచయితల పేర్లు సరిగా రాయాలి. అన్నీ రోరీవి కావు. 'యాజ్ ద క్రో ఫ్లైస్' టోనీ జో వైట్‌ది. 'వెస్టర్న్ ప్లెయిన్' లెడ్‌బెల్లీ నుంచి వచ్చింది.

గళ్ల చొక్కా గురించి అందరూ అడుగుతారు. వేసుకోండి, బాగుంటుంది. విగ్గు మాత్రం వద్దు.

ఎనిమిదో అడుగు: షో రోజు

సౌండ్‌చెక్‌లో మొదటి పాట వాయించొద్దు. అన్నిటికన్నా నిశ్శబ్దంగా ఉండే చోటు, అన్నిటికన్నా గట్టిగా ఉండే చోటు, ఈ రెండూ ఇంజనీరుకు వినిపించండి. మీ శబ్దం పైకీ కిందికీ పోతుందని ఆయనకు ముందే చెప్పాలి, లేకపోతే మీరు కావాలని తగ్గించిన చోట ఆయన ఫేడర్ ఎత్తేస్తాడు. సోలోలో గిటార్‌ను పెంచమని అడగండి, ఆ తర్వాత నాబ్ సంగతి మీరు చూసుకుంటారని చెప్పండి.

యాంప్‌ను కాస్త వెనక్కి వంచి, మీ మోకాళ్లకు కాకుండా చెవులకు తగిలేలా పెట్టండి. గొంతు మానిటర్‌లో గిటార్ కలపకుండా ఉంటే పాట శ్రుతి తప్పదు. మైకు, గిటార్ తీగలు పెదవికీ చేతికీ ఒకేసారి తాకేవి కాబట్టి ఎర్తింగ్ తప్పకుండా టెస్టర్‌తో చూడండి. మన ఓపెన్ ఎయిర్ పందిళ్లలో జనరేటర్ మీద నడిచే స్టేజీల దగ్గర ఇది ప్రాణం మీదికి వచ్చే విషయం. అనుమానం ఉంటే ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా ప్లగ్ పెట్టొద్దు.

తీగ తెగితే ఆపొద్దు. ట్రెమొలో బిగించి ఉంది కాబట్టి పాట పూర్తిచేయొచ్చు. అప్పుడు బాసిస్టు ముందుకు రావాలి, ఇది కూడా రిహార్సల్‌లో ఒకసారి కావాలనే చేసి చూసుకోండి.

పాటల మధ్య చరిత్ర పాఠం చెప్పొద్దు. మొత్తం షోలో రెండు మూడు చోట్ల, ఒక్కో వాక్యం చాలు. ఆయన చివరి కచేరీ 1995 జనవరి 10న రాటర్‌డామ్‌లో జరిగిందని, అదే ఏడాది జూన్ 14న లండన్‌లో 47 ఏళ్లకే కన్నుమూశాడని 'ఎ మిలియన్ మైల్స్ అవే'కి ముందు చెప్తే సరిపోతుంది. ఆ పాట మిగతాది చూసుకుంటుంది.

ఆ తర్వాత

ప్రతి షోనూ రికార్డు చేయండి, హాలు మధ్యలో ఒక చిన్న రికార్డర్ పెడితే చాలు. మర్నాడు వినేటప్పుడు తప్పు నోట్ల కోసం వెతకొద్దు. కిందటి షోలో వాయించిన సోలోనే మళ్లీ వాయించారా అని చూడండి. రెండు షోలలో ఒకే లిక్ (చిన్న స్వరాల ముక్క) ఒకే చోట వస్తే దాన్ని మూడో షోలో నిషేధించండి. మొదటి పాటను మార్చండి. అకూస్టిక్ భాగంలో ఒక పాట తీసేసి ఇంకోటి పెట్టండి.

బాలీషానన్‌లో ప్రతి ఏడాది మే చివర, జూన్ మొదట్లో ఆయన పేరు మీద అంతర్జాతీయ ట్రిబ్యూట్ ఫెస్టివల్ జరుగుతుంది. ఊరి మధ్య ఆయన కంచు విగ్రహం ఉంది, దాని చుట్టూ నాలుగు రోజులు పబ్‌లన్నీ గిటార్లతో నిండిపోతాయి. ఐర్లాండ్‌లో ఉన్న తెలుగువాళ్లకు డబ్లిన్ నుంచి బస్సులో వెళ్లొచ్చేంత దూరమే. బ్యాండ్ సిద్ధం కాకముందే ఒకసారి వినడానికి వెళ్లండి. వేర్వేరు దేశాల బ్యాండ్లు ఒకే పాటను ఎన్ని రకాలుగా వాయిస్తున్నాయో, వాటిలో ఏది ఆయనను కాపీ కొడుతోందో, ఏది తన సొంత రాత్రిని వాయిస్తోందో అక్కడ పక్కపక్కనే వినిపిస్తుంది. ఈలోగా జామ్ రూమ్ బుక్ చేసుకుని, 'లాండ్రోమాట్' రిఫ్‌తో మొదలుపెట్టండి.